బండి నీళ్ళు తాగితే

విజయవాడ సింగునగరు నుంచి ఒక సోదరి ఉత్తరం వ్రాశారు. "2024 వరదలో మా స్కూటరు నిలువునా మునిగింది. నీళ్ళు తగ్గాక బాగు చేయించబోతే ఇంజను పనికిరాదన్నారు. అప్పుచేసి సెకండ్‌హాండు బండి ఇంకొకటి కొనుక్కున్నాము. మొన్న వానలో మావారు బంకుకు వెళ్ళి పెట్రోలు పోయించుకుని వస్తూంటే మా వీధి మలుపులోనే అది ఆగిపోయింది. కిక్కు కొట్టి కొట్టి ఆయన మోకాలు పట్టుకున్నది గాని బండి కదలలేదు. పెట్రోలులో నీళ్ళు కలిశాయని ఒకరు, ఇంజను పోయిందని ఒకరు చెబుతున్నారు. ఆయన ఉద్యోగమంతా ఆ బండిమీదే నడుస్తున్నది. ఇదైనా మాకు దక్కుతుందా?" అని అడిగారు.

దక్కుతుందమ్మా. ముందు ఆ మాట చెప్పి, మిగతా సంగతి తరువాత చెబుతాను. ఈలోగా వారిని కిక్కు కొట్టడం మానమనండి.

పచ్చళ్ళూ పిల్లల చదువులూ ముచ్చటించుకునే ఈ పేజీలో మోటారు మరమ్మత్తు ఏమిటని కొందరు పాఠకులు విస్తుపోవచ్చు. కాని మధ్యతరగతి కొంపలో బండి అంటే పెద్దకొడుకు లాంటిది. పిల్లలను బడికి దింపుతుంది, అత్తగారిని ఆసుపత్రికి తీసుకుపోతుంది, ఇంటాయనను వేళకు పనికి చేరుస్తుంది. ఆటో అయితే అదే ఇంటి పొయ్యి. అది మూలపడితే ఇల్లంతా మూలపడినట్లే. అటువంటి దానికి జబ్బు చేసినప్పుడు మనకేమీ తెలియకుండా ఎవరో చెప్పినదానికల్లా తల ఊపడం బాగుండదు గదా!

2024 వరద సంగతి బెజవాడవాళ్ళకు వేరే చెప్పనక్కరలేదు. ఆగస్టు ఆఖరున కురిసిన వానకు, మైలవరం వైపు కొండలలో పుట్టి కొల్లేటిలో కలిసే బుడమేరుకు మూడుచోట్ల గండ్లు పడ్డాయి. సెప్టెంబరు 1 ఆదివారంనాడు సింగునగరు, రాజరాజేశ్వరిపేట, పాయకాపురం, కండ్రిక, వాంబే కాలనీ నీటిపాలయ్యాయి. మర్నాడు ప్రకాశం బరాజి దగ్గర కృష్ణలో 11.43 లక్షల క్యూసెక్కుల వరద వచ్చింది. 1957లో బరాజి కట్టిన నాటినుంచి అంత నీరు ఎన్నడూ రాలేదు. బుడమేరు గండ్లు పూడ్చేసరికి 7వ తేదీ అయింది. బియ్యమూ మంచాలూ పుస్తకాలూ పోగా, గుమ్మంలో నిలిపిన బండ్లు ఆ బురదనీళ్ళలో రోజుల తరబడి నానాయి. మునిగిన ద్విచక్రవాహనానికి 3,000 రూపాయలు, ఆటోకు 10,000 రూపాయలు ప్రభుత్వం సాయం ప్రకటించింది. ఇంజను విప్పించుకున్నవారికి ఆ డబ్బు ఎంతవరకు వచ్చిందో వారికే తెలుసు.

నీళ్ళు తగ్గిన తరువాత మెకానిక్కుల దుకాణాల ముందు బండ్లు బారులు తీరాయి. ఒకే వీధిలో, ఒకే లోతులో, అన్నే రోజులు మునిగిన రెండు బండ్లలో ఒకటి బాగుపడి, రెండవది తుక్కు కింద పోవడం ఆ రోజులలో చూశాను. బాగుపడిన దానిని నడిపించుకుంటూ తెచ్చారు. పాడైన దానికి, "ఒకసారి చూద్దాం, స్టార్టు అవుతుందేమో" అని ముందు ఇంటిదగ్గర నాలుగు కిక్కులు తగిలించారు. వరద చేసిన నష్టంకంటే ఆ నాలుగు కిక్కులు చేసిన నష్టమే ఎక్కువ. ఈ వారం నేను చెప్పదలచినదంతా ఈ ఒక్క మాటలోనే ఉన్నది. మిగతాది దాని వివరణ.

పెట్రోలు ట్యాంకులోనుంచి ఇంజనుకు ఏ దారిన పోతుందో ముందు చూద్దాం. కార్బురేటరు ఉన్న పాత బండిలో ట్యాంకు అడుగున ఒక కాక్ ఉంటుంది. దానిలోనుంచి సన్నని గొట్టం గుండా పెట్రోలు కార్బురేటరులోని చిన్న గిన్నెలోకి దిగుతుంది. ఆ గిన్నెలో ఒక బెండులాంటిది తేలుతూ, నిండగానే దారి మూసివేస్తుంది. మన ఇంటి మీద నీళ్ళట్యాంకులో తేలే బంతి చేసే పని ఇదే. గిన్నెలోనుంచి జెట్ అనే సన్నరంధ్రం గుండా పెట్రోలు పైకి లేచి, గాలితో కలిసి ఆవిరై ఇంజనులోకి పోతుంది. జెట్ రంధ్రం గుండుసూది ములుకంత ఉంటుంది. అందులో ఒక్క ఇసుక రేణువు అడ్డుపడినా, ఒక్క నీటిబొట్టు నిలిచినా బండి నడవదు.

2020 ఏప్రిలు 1 నుంచి బి.ఎస్.-6 నిబంధనలు వచ్చాక కొత్త బండ్లలో కార్బురేటరు దాదాపు లేకుండా పోయింది. దాని బదులు ట్యాంకులోనే ఒక చిన్న మోటారు పంపు కూర్చుని పెట్రోలును ఒత్తిడితో తోస్తుంది. ఇంజెక్టరు అనే పిచికారీ దానిని సన్నని తుంపరగా చల్లుతుంది. ఇంజెక్టరు రంధ్రాలు జెట్ కంటే కూడా సన్నం. ఇక్కడ గుర్తుంచుకోవలసినది ఒకటి ఉన్నది. పాత బండిలో కిక్కు కొడితేగాని కీడు జరగదు. కొత్త బండిలో తాళం తిప్పి ఆన్ చేయగానే పంపు గిర్రున తిరిగి, అడుగున ఉన్నదంతా గొట్టాలలోకి ఎక్కిస్తుంది. కాబట్టి కొత్త బండి నీళ్ళలో మునిగినప్పుడు తాళం చేతికే తీసుకోకూడదు.

నీళ్ళు అడుగునే ఎందుకు ఉంటాయి? లీటరు నీళ్ళు కిలో బరువు. లీటరు పెట్రోలు 720 నుంచి 775 గ్రాములు మాత్రమే. నూనె చారుమీద తేలినట్లు పెట్రోలు నీటిమీద తేలుతుంది. గొట్టం ఉండేది ట్యాంకు అడుగున. నాలుగు లీటర్ల మంచి పెట్రోలు పైన ఉన్నా, ముందుగా ఇంజనుకు అందేది అడుగున చేరిన గరిటెడు నీళ్ళే. బంకులో పోయించుకున్న వెంటనే కొంతదూరం సవ్యంగా వచ్చి, తరువాత గింజుకుని ఆగిపోవడానికి కారణం ఇదే. గొట్టంలోనూ గిన్నెలోనూ మిగిలిన పాత పెట్రోలు ఆ కాస్తదూరం లాక్కుని వచ్చిందన్నమాట.

మన నాన్నగారి కాలంలో దీనికి మందు సులువు. బండిని ఒక పూట కదలకుండా నిలబెట్టి, అడుగునుంచి కాస్త వంచి పారబోస్తే నీళ్ళు పోయేవి. పైది మళ్ళీ వాడుకునేవారు. ఇప్పుడు ఆ వైద్యం చాలదు. ఇప్పటి పెట్రోలులో ఇథనాల్ అనే సారాయి కలుపుతున్నారు. దానిని చెరకు రసం, మడ్డి, మొక్కజొన్న, నూకలనుంచి తీస్తారు. నూటికి ఇరవై పాళ్ళు కలిపిన పెట్రోలు 2023 ఫిబ్రవరిలో మొదలై, 2025 నాటికి దేశమంతా పాకింది. సారాయికి నీరంటే ప్రాణం. కొద్ది తడి అయితే దానిని తనలో కలుపుకుని పైకి ఏమీ కనపడనివ్వదు. తడి హద్దు మీరగానే పెట్రోలును విడిచిపెట్టి నీళ్ళతో చేయి కలిపి అడుగుకు దిగిపోతుంది. ట్యాంకులో పావులీటరు నీళ్ళు పడితే అడుగున చేరే పొర పావులీటరుతో ఆగదు. తనతో వచ్చిన సారాయిని కూడ కలుపుకుని రెండు మూడు రెట్లు అవుతుంది. పైన మిగిలిన పెట్రోలు కూడ సారాయి పోయి సారం తగ్గినదే. అందుచేత ఈ రోజులలో కాస్త వంచి పారబోసి సరిపెట్టుకోకూడదు. ట్యాంకు మొత్తం ఖాళీ చేయవలసిందే. డబ్బు పోతున్నదని సగం ఉంచుకుంటే, ఆ సగమే మళ్ళీ దారిలో దింపుతుంది.

ఇక నీళ్ళలో పూర్తిగా మునిగిన బండి మాట. దానిలో పెట్రోలుకు పట్టిన జబ్బు ఒకటైతే, ఇంజను లోపల చేరిన నీరు ఇంకొకటి. గాలిని నొక్కితే నలుగుతుంది. నీటిని నొక్కితే నలగదు. ఇంజనులో పిస్టను పైకి వచ్చేటప్పుడు అక్కడ గాలి ఉండవలసినచోట నీరుంటే, దానిని నొక్కలేక పిస్టను కడ్డీ వంగిపోతుంది. ఎంత బలంగా తోస్తే అంతగా వంగుతుంది. అందుకే కిక్కు, సెల్ఫు, తోపుడు మూడూ కూడదంటున్నాను. ఇన్సూరెన్సు వాళ్ళు సైతం మునిగిన ఇంజనును తిప్పి పాడుచేసుకున్నట్లయితే, ఇంజను రక్షణకు విడిగా డబ్బు కట్టి ఉంటేనే గాని ఒప్పుకోవడం కష్టం. ఎదుటివారి నష్టానికి మాత్రమే కట్టే థర్డ్ పార్టీ పాలసీలో మన బండికి ఏమీ రాదు. ఈ రెండు సంగతులూ వానలు రాకముందే పాలసీ కాగితం తీసి చూసుకోవలసినవి.

మునిగిన బండికి ముందు బ్యాటరీ తీగ ఊడదీయాలి. ప్లగ్గు విప్పాలి. ప్లగ్గు లేకుండా ఇంజనును చేతితోగాని కిక్కుతోగాని మెల్లగా తిప్పితే, లోపలి నీళ్ళు ఆ రంధ్రంలోనుంచి చిమ్ముకుని వచ్చేస్తాయి. ఆ నీళ్ళతో పెట్రోలు కూడ రావచ్చు గనుక మొహం దూరంగా పెట్టుకోవాలి. తరువాత ఇంజను ఆయిలు చూడాలి. అది పాలు పోసిన టీ రంగులో ఉన్నదంటే నీళ్ళు చేరాయన్నమాట. ఆయిలు మార్చి, బండి కాసేపు నడిచాక ఇంకొకసారి మార్చాలి. గాలి ఫిల్టరు తడిస్తే కొత్తది వేయడమే మేలు.

ఇక పెట్రోలు దారి శుభ్రం చేసే పద్ధతి. సింగునగరు సోదరికి కావలసినది ఇది. మెకానిక్కు మేస్త్రీ చేస్తున్నప్పుడు వారు పక్కన నిలబడి వరస చూసుకోవచ్చు.

మొదటిది, ట్యాంకు ఖాళీ చేయడం. రెండవది, ట్యాంకు లోపలికి టార్చి వేసి చూడడం. స్కూటర్ల ట్యాంకులు చాలావరకు రేకువి. నీళ్ళు నిలిచినచోట తుప్పు పడుతుంది. కాస్త కొత్త పెట్రోలు పోసి, ఊపి, పారబోయాలి. తుప్పు ఎక్కువగా ఉంటే ట్యాంకు దింపి, చిన్న నట్లు గుప్పెడు వేసి కలయబెట్టి కడుగుతారు. తరువాత వాటిని లెక్కపెట్టి తీయించండి, లోపల ఒకటి మిగిలిపోతే అదే శని. మూడవది, గొట్టం ఊడదీసి ఊదించడం, ఫిల్టరు మార్చడం. ఫిల్టరు వెల స్వల్పం. కడిగి వాడుకునే వస్తువు కాదు. నాలుగవది, కార్బురేటరు గిన్నె విప్పి తుడిచి, జెట్లను గాలితో ఊదించడం. ఇనుప తీగపెట్టి పొడవనివ్వకండి. రంధ్రం రవ్వంత పెద్దదైతే ఆ బండి ఇక జన్మంతా పెట్రోలు తాగుతుంది. ఇంజెక్టరు బండి అయితే దానిని యంత్రంమీద పెట్టి కడిగే వర్క్‌షాపుకు ఇవ్వాలి. ఇంట్లో చేసే పని కాదు. ఐదవది, ప్లగ్గు ఆరబెట్టి బిగించడం. ఈ ఐదూ అయిన తరువాతనే లీటరు కొత్త పెట్రోలు పోసి స్టార్టు చేయాలి. మొదట కాస్త పొగ వస్తే భయపడనక్కరలేదు.

ఇంజను విప్పాలన్న మాట ఈ ఐదు పనులూ అయ్యాక కూడ బండి నడవకపోతే అనవలసినది. ముందుగానే అన్నవారిని, "ట్యాంకు చూశారా?" అని మర్యాదగా అడగండి. మన ఆటోనగరులో వేలిముద్ర చూసి మనిషిని పోల్చినట్లు, చప్పుడు విని జబ్బు చెప్పే పనివాళ్ళున్నారు. అటువంటివారు ఎప్పుడూ చవకైన కారణం ముందు వెదుకుతారు.

పెట్రోలుతో పని అంటే ప్రాణంతో పని అన్న సంగతి మరచిపోరాదు. పెట్రోలు ఆవిరి గాలికంటే బరువు; నేలమీద పాకుతూ పోయి, పక్కగదిలో వెలుగుతున్న పొయ్యినో దేవుడి దీపాన్నో అందుకుంటుంది. కాబట్టి ట్యాంకు ఖాళీ చేసేది ఆరుబయటే. వరండా అయినా పనికిరాదు. సిగరెట్టు, అగరువత్తి, సెల్‌ఫోను ఛార్జరు ఏవీ దగ్గర ఉండరాదు. గొట్టం నోటితో పీల్చి పెట్రోలు తీసే అలవాటు మన పిల్లలకు సరదా. గుటకపడితే అది ఊపిరితిత్తులలోకి పోయి ప్రాణంమీదికి తెస్తుంది. అటువంటిది జరిగితే వాంతి చేయించకండి. ఉప్పునీళ్ళూ గిప్పునీళ్ళూ పట్టించకండి. వెంటనే ఆసుపత్రికి తీసుకుపోండి. నీళ్ళసీసాలో పెట్రోలు పట్టి గూట్లో పెట్టడం ఇంతకంటే ప్రమాదం. దాహం వేసిన పిల్లవాడికి సీసా ఒక్కటే తెలుసు.

ఇది మగవాళ్ళ పని, మాకెందుకని సోదరీమణులు పుట తిప్పవద్దు. లోకంలో మోటారుకారులో మొట్టమొదట దూరప్రయాణం చేసినది ఒక ఇల్లాలు. జర్మనీలో కారును రూపొందించిన కార్ల్ బెంజ్ గారి భార్య బెర్తా, 1888 ఆగస్టులో భర్తకు చెప్పకుండా ఇద్దరు కొడుకులను ఎక్కించుకుని, మాన్‌హైం నుంచి ఫోర్జ్‌హైంలోని పుట్టింటికి నూరు కిలోమీటర్లకు పైగా ప్రయాణం చేసింది. అప్పటికి బంకులెక్కడివి? దారిలో వీస్లోఖ్ అనే ఊళ్ళో మందులషాపులో ఇంధనం కొన్నది. ఒకచోట ఇంధనపు గొట్టం పూడుకుపోయి బండి ఆగితే, టోపీకి పెట్టుకున్న పిన్ను తీసి గొట్టం పొడిచి శుభ్రం చేసుకుని మళ్ళీ బయలుదేరింది. ఆమె పిన్ను గుచ్చినది గొట్టంలో గనుక సరిపోయింది. జెట్ సంగతి పైన చెప్పానుగదా!

నీళ్ళు ట్యాంకులోకి ఎట్లా వచ్చాయన్నది వేరే ప్రశ్న. బంకువాడిని తిట్టేముందు మన మూత చూసుకోవాలి. చాలా మోటారుసైకిళ్ళలో మూత చుట్టూ పడిన వాన పోవడానికి ఒక చిన్న రంధ్రం ఉంటుంది. దుమ్ము పట్టి అది పూడితే, నీరు మూత చుట్టూ నిలిచి, బంకులో మూత తెరిచిన క్షణంలో ట్యాంకులోకి దిగుతుంది. పైపుతో జోరుగా బండి కడిగేవారికీ ఇదే జరుగుతుంది. మూతలోని రబ్బరు బిరుసెక్కితే మార్చాలి. వానలకు ముందు రంధ్రం శుభ్రం చేసుకుంటే సగం బాధ తప్పుతుంది.

బంకుల నేలట్యాంకులలోకి కూడ వానాకాలంలో నీళ్ళు ఊరడం లేకపోలేదు. 2025 జూన్‌లో మధ్యప్రదేశ్‌లోని రత్లాం దగ్గర ముఖ్యమంత్రి పర్యటనకు వచ్చిన 19 కార్లు, డీజిలు పోయించుకున్న కొద్దిసేపటికే వరసగా ఆగిపోయాయి. ట్యాంకులు విప్పితే డీజిలుతోపాటు నీళ్ళు వచ్చాయి. బంకుకు సీలు వేశారు. ముఖ్యమంత్రి కార్లకు క్షణాలలో విచారణ జరిగింది. మనకూ జరగాలంటే రశీదు ఉండాలి. పోయించుకున్న వెంటనే బండి ఆగితే, ట్యాంకులోనుంచి తీసిన దానిని గాజుసీసాలో పట్టి కాసేపు కదలకుండా ఉంచండి. రెండు పొరలుగా విడిపోతే సాక్ష్యం కళ్ళెదుట ఉన్నట్లే. రశీదుతోపాటు సీసా తీసుకుని వెళ్ళి, బంకులో ఫిర్యాదుల పుస్తకం అడిగి వ్రాయండి.

కిరసనాయిలు కల్తీకి పరీక్ష వేరు. అడిగితే బంకువారు ఫిల్టరు కాగితం ఇవ్వాలి. దానిమీద ఒక బొట్టు పెట్రోలు వేస్తే, స్వచ్ఛమైనది కొద్ది నిమిషాలలో మచ్చ లేకుండా ఆరిపోతుంది. కల్తీది మరక మిగులుస్తుంది. కొలత మీద అనుమానం ఉంటే ముద్రవేసిన 5 లీటర్ల పాత్రలో పోసి చూపమని అడిగే హక్కు కూడ మనకున్నది. అడగడానికి మొగమాటపడకండి. ఈ హక్కులు వట్టినే నిలబడినవి కావు. ఉత్తరప్రదేశ్‌లోని లఖింపూర్ ఖేరీ జిల్లాలో కల్తీ బంకుమీద చర్య తీసుకున్నందుకు ఇండియన్ ఆయిల్ ఉద్యోగి షణ్ముగం మంజునాథ్‌ను 2005 నవంబరులో కాల్చి చంపారు. అతనికి అప్పటికి ఇరవై ఏడేళ్ళు. అతను ప్రాణం పెట్టి అడిగిన ప్రశ్నను మనం ఒక కాగితం ముక్కతో అడగవచ్చు.

డెల్టా రైతులకు ఒక మాట. డీజిలు కూడ నీటికంటే తేలిక గనుక జబ్బు ఇదే. ట్రాక్టరుకూ ఆయిలు ఇంజనుకూ ఫిల్టరు దగ్గర నీళ్ళు వదిలే మర ఒకటి ఉంటుంది. వానాకాలంలో దానిని తరచు విప్పి చూడాలి. నీళ్ళు తీసిన తరువాత గొట్టంలో చేరిన గాలిని చేతిపంపు కొట్టి పోగొట్టాలి, లేకపోతే ఇంజను రాజుకోదు. డీజిలు పీపాను చెట్టుకింద నిలువుగా పెడతారు చూడండి, అదే తప్పు. మూతమీద వాన నిలుస్తుంది. పగటి ఎండకు పీపాలోని గాలి ఉబ్బి బయటికి పోతుంది. రాత్రి చల్లబడగానే మూతమర సందులోనుంచి ఆ నీటిని లోపలికి పీలుస్తుంది. పీపాను పందిరికింద, పడుకోబెట్టి, రెండు మూతలూ ఒకే మట్టంలో ఉండేట్లు ఉంచాలి. వాడేటప్పుడు అడుగు బెత్తెడు వదిలివేయాలి. కైకలూరు, ముదినేపల్లి వైపు రొయ్యల చెరువులు పెట్టినవారికి ఇది బండి ఆగడంతో పోయేది కాదు. అర్ధరాత్రి కరెంటు పోయి, గాలి కొట్టే చక్రాలకు జనరేటరు అందుకోకపోతే తెల్లవారేసరికి పెట్టుబడి అంతా నీటిమీద తేలుతుంది.

ఆఖరున, తీసిన పాడు పెట్రోలు ఏం చేయాలి? వీధికాలువలో పోయడం మన అలవాటు. విజయవాడలో వీధికాలువ ఎక్కడికి పోతుందో ఆలోచించండి. బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవస్ కాలువ మూడూ ఊరి నడిబొడ్డునుంచే డెల్టాకు పోతున్నాయి. ఆ నీళ్ళతోనే కిందిఊళ్ళలో మంచినీళ్ళ చెరువులు నింపుకుంటారు. పాడు పెట్రోలును మూతగల డబ్బాలో పట్టి, వ్యర్థమైన ఆయిలు తీసుకునే వర్క్‌షాపులో ఇవ్వండి. పొయ్యి రాజేయడానికీ జిడ్డుబట్టలు ఉతకడానికీ దాచుకోకండి. బుడమేటి నీళ్ళు మన ట్యాంకులలో చేరినప్పుడు ఎంత బాధపడ్డామో మనకు తెలుసు. మన ట్యాంకులోని మురికి అవనిగడ్డలోనో గుడివాడలోనో ఒకరి బిందెలోకి చేరకుండా చూడడం మన చేతిలో ఉన్న పని.